పెట్టెకు బొట్టు

మా అత్తమ్మ జంగమ్మ ఎవరికీ ఊరికే బొట్టు పెట్టే మనిషి కాదు. నేను చెప్పేది మనుషుల సంగతి కాదు, సామాన్ల సంగతి. దసరా పొద్దున మా చేవెళ్లలో ఏ ఇంట్లో చూసినా కంటికి కనిపించిన ప్రతి సామానుకూ పసుపు పూసి కుంకుమ దిద్దుతారు. టీవీకి పెడతారు, ఫ్రిజ్‌కు పెడతారు, పిల్లల సైకిల్‌కూ పెడతారు. మా ఇంట్లో మాత్రం అట్లా నడవదు. "అన్నం పెట్టేదానికే బొట్టు" అంటుంది అత్తమ్మ. పారకు, కొడవలికి, బోరు మోటారుకు, మందు కొట్టే పంపుకు, మా ఆయన గోవర్ధన్ పూలు తోలే డీసీఎం బండికి పడుతుంది. నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుట్టుమిషన్‌కు మూడో దసరాకు గానీ పడలేదు. మొదటి రెండేళ్ళూ ఆమె పళ్ళెం పట్టుకుని దాని ముందు నుంచి దర్జాగా వెళ్ళిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. పైగా "ఏం కుట్టినవ్ పిల్లా ఇంకా?" అని ఒక మాట.

అట్లాంటి మా అత్తమ్మ పోయిన దసరాకు ఏం చేసిందో చెబుతాను.

ఎంగిలిపూల నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే రోజు, మా డీసీఎం పట్నంలో బంతిపూలు దించి ఖాళీగా రావాలి. ఖాళీగా రాలేదు. దుప్పట్లు చుట్టిన పెద్ద నల్లటి సామానొకటి పక్కకు పడుకోబెట్టి ఉంది. దాని కాళ్ళు విడిగా ఇంకో గోనెసంచిలో ఉన్నాయి. దాన్ని పట్టుకుని వెనక మా మరిది జ్ఞానేశ్వర్ కూర్చున్నాడు.

అత్తమ్మ దుప్పట్లు చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎవలు పోయిండ్రురా?"

"ఎవ్వలు పోలేదే అవ్వా. పియానో ఇది. నాదే" అని నవ్వాడు జ్ఞానేశ్వర్.

చిన్నప్పుడు పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు అక్కడి టీచరమ్మ దగ్గర పియానో నేర్చుకున్నాడట. ఇప్పుడు పిల్లలకు నేర్పుతాడు. దాంతోపాటు కచేరీలు పెట్టిస్తాడు. ఆ ఇంగ్లిష్ సంగీతం వాయించేవాళ్ళను ఎక్కడెక్కడి నుంచో పిలిపించడం, హాలు మాట్లాడటం, పోస్టర్లు అతికించడం, ఎయిర్‌పోర్టుకు పోయి తీసుకురావడం, చాయ్ దగ్గరి నుంచి కుర్చీల దాకా అన్నీ తనే. పదేళ్ళకు పైగా అదే పని. పెళ్ళి మాట ఎత్తితే "వచ్చే కచేరీ అయినంక" అంటాడు. ఆ వచ్చే కచేరీ అయిపోవడం మేమెవరం చూడలేదు.

ఈసారి మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో పెట్టుకున్నాడు. దసరా మర్నాడు, సాయంత్రం పూట. ముంబై నుంచి పెద్ద పేరున్న మేడమ్ వస్తోంది. తీరా పియానో బండెక్కాక ఫామ్‌హౌస్ ఆయన ఫోన్ చేసి, పెళ్ళి ఫోటోల వాళ్ళకు ఇచ్చేశాను, ఏమనుకోవద్దు అన్నాడట. ఏమనుకోకుండా ఎట్లా ఉంటారు? మా ఆయన తిట్టాల్సినవన్నీ తిట్టి, బండిని నేరుగా మా పూల షెడ్డుకు తిప్పాడు.

"ఈడనే పెడ్త కచేరీ. షెడ్ ఉన్నది, పూలున్నయి. ఇంకేం గావాలె?" అన్నాడు జ్ఞానేశ్వర్. నవ్వుతూనే అన్నాడు గానీ, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అంతకు ముందు రెండు కచేరీలు ఆఖరి గడియలో ఆగిపోయాయని నాకు తెలుసు.

అత్తమ్మకూ తెలుసు. నీళ్ళ చెంబు కొడుకు చేతికిచ్చి, ఆ చెయ్యి వదల్లేదు. "సూడు బిడ్డా. ఇన్నేండ్లు నీ ఇష్టమన్న. ఈ ఒక్క ఆట సూస్త. ఇది గుడ ఆగిపోయిందనుకో, ఈ పెట్టె అమ్మేసి చందనవెల్లి ఫ్యాక్టరీల మీ అన్న మాట్లాడిన కొలువుల చేరాలె. మాటియ్యి."

జ్ఞానేశ్వర్ ఒకసారి దుప్పట్ల వైపు చూశాడు. "సరే అవ్వా" అని ఆమె అరచేతిలో చెయ్యి వేశాడు.

పియానో తీగలు సరిచేసే ఆయన సికింద్రాబాద్ నుంచి వచ్చాడు. ఒక రోజంతా దాని కడుపులో తల పెట్టి కూర్చుని, ఇక పండక్కి మా ఊరికి పోతున్నా అని చెప్పి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే జ్ఞానేశ్వర్ ఇటు కూర్చున్నాడు. నేను చామంతులు మూట కడుతున్నాను.

పియానో అంటే సినిమాలో హీరో కూర్చుని పాడే సామానని నేననుకునేదాన్ని. పక్కన నిలబడి వినడం వేరే సంగతి తల్లీ! చెవుల్లోంచి కాదు, అరికాళ్ళలోంచి ఎక్కింది నాకు. షెడ్డు పైరేకులు సన్నగా వణికాయి. ఒక్క మనిషి, పది వేళ్ళు. అందులోంచి ఇంత మంది ఎట్లా మాట్లాడుతున్నారు? కొందరు కొట్లాడుతున్నారు, ఎవరో పక్కన కూర్చుని సముదాయిస్తున్నారు. నా చేతిలో మూట ముడి పడనే లేదు. పూలన్నీ కాళ్ళ మీద పడ్డాక గానీ సోయి రాలేదు.

"గింత మంచిగ కొడ్తవ్ గదా, నీ కచేరీల నువ్వే కూసోరాదు?" అన్నాను.

వేళ్ళు ఒళ్ళోకి తీసుకున్నాడు. "నేను పిలిచేటోణ్ణి వదినా, కూసునేటోణ్ణి కాదు. ఒక్కసారి కూసున్న, శానా ఏండ్ల కింద. అంత మందిని సూసేసరికి చేతులు గడ్డకట్టినయ్. మధ్యల లేచి వచ్చిన. మళ్ల ఎన్నడు కూసోలేదు."

ఆ తొమ్మిది రోజులూ మాకు ఊపిరాడని పని. బతుకమ్మకూ దసరాకూ పట్నమంతా మా బంతిపూలే కావాలి. తెల్లారకముందే కూలివాళ్ళు కోతకు దిగేవాళ్ళు. షెడ్డులో ఒక మూల పూల కుప్పలు, ఇంకో మూల జ్ఞానేశ్వర్. ముంబై మేడమ్ వాయించబోయేవన్నీ తనూ వాయించి చూస్తున్నాడు, పియానో ఎక్కడ ఎట్లా పలుకుతుందో ముందే తెలుసుకోవాలట. ఒకే ముక్క పది సార్లు, ఇరవై సార్లు. పూలు ఏరే సక్కుబాయికి ఆ ముక్క నోటికొచ్చేసి, కూనిరాగం తీస్తూ బుట్టలు మోసేది.

అత్తమ్మ మాత్రం వీపు అటు పెట్టి కూర్చుని చామంతులు ఏరేది. "కొట్టిందే కొడ్తున్నవేందిరా? రాదా నీకు?"

"వస్తది అవ్వా. సాఫ్‌గ రావాలె."

ఆమె ఒక చామంతిని తిప్పి చూసి, రేకు చివర నల్లగా ఉందని పక్కన పడేసింది. అంతకు ముందు అట్లాంటి బుట్టెడు పక్కన పడేసింది. మర్నాడు నేను చూసేసరికి వీపు ఇటు, ముఖం పియానో వైపు ఉంది.

ఇంకో పొద్దున జ్ఞానేశ్వర్ పొయ్యి దగ్గర కూర్చుని వేడినీళ్ళ గిన్నెలో చేతులు పెట్టుకున్నాడు. మణికట్టు దగ్గర వాచి ఉంది. అత్తమ్మ వంగి చూసి, పక్కనే కూలబడింది. "నొస్తున్నదా?"

"జరంత. మామూలే."

"కూసుండి కొట్టేదానికి గుడ గింత కష్టమున్నదారా?" అంది. నువ్వుల నూనె తెచ్చి, ఆ మణికట్టు రాస్తూ చాలాసేపు కూర్చుంది. జ్ఞానేశ్వర్ చిన్నప్పటి తర్వాత ఆ చేతులను ఆమె అంతసేపు పట్టుకోవడం మళ్ళీ అప్పుడే అనుకుంటా. నేను చాయ్ పోసి అక్కడే పెట్టి ఇవతలికి వచ్చేశాను.

దసరా పొద్దున జ్ఞానేశ్వర్ మేడమ్‌ను తీసుకురావడానికి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు వెళ్ళాడు. అత్తమ్మ తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని పళ్ళెం సర్దింది. పసుపు, కుంకుమ, అక్షింతలు, అగరుబత్తి. నేను వెనక చెంబు పట్టుకుని నడిచాను. పార అయింది, కొడవళ్ళయ్యాయి, పంపు అయింది. డీసీఎం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. నా మిషన్‌కు మూడు బొట్లు పెట్టింది, నేను గమనించానో లేదో అని ఓరకంట చూసింది కూడా. అంతటితో అయిపోయిందని నేను చెంబు కింద పెట్టాను.

"ఎటు పోతున్నవ్? ఇంకోటున్నది" అంది.

షెడ్డులోకి నడిచి పియానో ముందు ఆగింది. జ్ఞానేశ్వర్ పొద్దున్నే వాయించి, ఆలస్యమైందన్న తొందరలో పైమూత కర్ర ఆనించి తెరిచే పెట్టి వెళ్ళాడు. మూడు దసరాలు ఎదురుచూసినదాన్ని నేను! ఆమె నల్లటి చెక్క మీద పసుపు పూసింది, దాని మీద నిండుగా కుంకుమ పెట్టింది. ఇంకో వైపు వెళ్ళి అక్కడా పెట్టింది. కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుని, గుప్పెడు అక్షింతలు తీసి, పెళ్ళికూతురి తల మీద వేసినట్టు తెరిచిన మూతలోంచి లోపలికి వేసింది.

తీగల మీద గింజలు పడి సన్నగా మోగాయి. ఎవరో దూరంగా గాజులు కదిపినట్టుంది.

"ఇన్నవా? పలికింది!" అని అత్తమ్మ చిన్నపిల్లలా నా చెయ్యి పట్టుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అట్లా వేయొచ్చా అన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. బోరు మోటారుకు వేశాం, బండికి వేశాం, దీనికీ వేశాం.

మధ్యాహ్నానికి మేడమ్ వచ్చింది. తెల్లని జుట్టు, నేత చీర, మెత్తటి మాట. చాయ్ కూడా తాగకుండా పియానో దగ్గరికి వెళ్ళి ఎడమ చెయ్యి కింది స్వరాల మీద పెట్టి మెల్లగా నొక్కింది. పెద్దగా, లోతుగా మోగాల్సిన చోట జుర్రుమని రేకు అదిరినట్టు చప్పుడొచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ జుర్రు. లేచి లోపలికి వంగి, రెండు వేళ్ళతో పసుపు పచ్చని గింజ ఒకటి తీసి చూపించింది.

"ఇది ఎవరు చేశారు?" అని అడిగింది ఇంగ్లిష్‌లో. నేను ఇంటర్ చదివినదాన్నే, ఆ మాత్రం అర్థమైంది.

అత్తమ్మ గుమ్మం దగ్గర చాయ్ కప్పులతో నిలబడి ఉంది. వేళ్ళకింకా పసుపుంది. మేడమ్ ఏమంటోందో ఆమెకు తెలియదు. తన కొడుకు బొట్టు చూస్తాడా లేదా, ఏమంటాడు, అదొక్కటే ఆమె ముఖంలో ఉంది.

జ్ఞానేశ్వర్ లోపలి గింజలు చూశాడు. చెక్క మీది బొట్టు చూశాడు. మా ఇంట్లో పుట్టినవాడికి ఆ బొట్టు అంటే ఏమిటో ఒకరు చెప్పాలా? ఒక వేలితో దాని అంచు తాకి, చెరిగిపోతుందేమో అన్నట్టు వెంటనే తీసేశాడు.

"నేనే చేశాను. మా ఇంటి ఆచారం" అన్నాడు ఇంగ్లిష్‌లో. తర్వాత గుమ్మం వైపు తిరిగాడు. "అవ్వా, బొట్టు మంచిగ పెట్టినవే."

అత్తమ్మ నవ్వి, ఏమీ ఎరగనట్టు కప్పులు అందించింది.

సాయంత్రం దాకా నేనూ జ్ఞానేశ్వర్ చీపురు పుల్లలతో, నా మిషన్ పట్టకారుతో తీగల సందుల్లోంచి గింజలు ఏరాం. అత్తమ్మను మా ఆయన జమ్మి పూజకని తీసుకుపోయాడు. కనిపించినవన్నీ తీశాం. కానీ ఎక్కడో అడుగున, చెక్కకూ ఇనుముకూ నడుమ, ఒకటో రెండో దొరకకుండా ఉండిపోయాయి. తీగలాయనకు ఫోన్ చేస్తే ఆయన ఊళ్ళో పొట్టేలు దగ్గరున్నాడు. మొత్తం విప్పితే గానీ కాదన్నాడు.

మర్నాడు పొద్దున మేడమ్ మళ్ళీ వాయించి చూసింది. అదే జుర్రు. కోపం లేదు ఆమెకు, అదే ఇంకా కష్టంగా ఉంది. "నేను వాయించేదంతా ఆ ఒక్క స్వరం మీద నిలబడుతుంది జ్ఞానేశ్వర్. నేను వాయించలేను. ఈ పియానో నీది. దాని జబ్బు కూడా నీకే తెలుసు. నువ్వు వాయించు, నేను కూర్చుని వింటాను."

ఆమె బయటికి వెళ్ళాక జ్ఞానేశ్వర్ పూల కుప్ప మీద కూలబడ్డాడు. వచ్చేవాళ్ళు అప్పటికే వస్తామని ఫోన్లు చేస్తున్నారు.

"పోనీ తియ్ తమ్మీ. రావొద్దని చెప్దాం. నువ్వేం ఫికర్ జెయ్యకు, చందనవెల్లి కొలువు గుడ మంచిదే" అన్నాడు మా ఆయన. తమ్ముడి మీద ప్రేమతోనే అన్నాడు. కానీ నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"నువ్వు జర ఊకో!" అని ఆయన్ను కసిరి, మరిది వైపు తిరిగాను. "ఇగో, నా మిషన్‌కు బొట్టు పడనీకి మూడు దసరలు పట్టింది. గుడ్డలు కుట్టి కుట్టి వేళ్ళు బొబ్బలెక్కినయి. నీ పెట్టెకు వచ్చిన తొమ్మిది దినాలకే పడ్డది. అంత బొట్టు పెట్టించుకోని, ఇప్పుడు చేతులు గడ్డకడ్తయంటవా? కట్టనియ్. గడ్డకట్టిన చేతుల్తోనే కూసో!"

జ్ఞానేశ్వర్ లేచి పొయ్యి దగ్గరికి పోయాడు. కాసేపటికి గిన్నెలో వేడినీళ్ళ చప్పుడు వినిపించింది.

నాలుగు గంటలకు షెడ్డు నిండింది. పట్నం నుంచి కార్లలో వచ్చినవాళ్ళు కుర్చీల్లో, మా కూలివాళ్ళు గోనెపట్టాల మీద. మిగిలిన బంతిపూలు కుప్పలుగా అట్లాగే ఉన్నాయి. అత్తమ్మ సక్కుబాయి పక్కన కూర్చుంది. జ్ఞానేశ్వర్ వచ్చి, ముంబై మేడమ్ ఈరోజు వాయించడం లేదని, తనే వాయిస్తానని చెప్పాడు. గుసగుసలు లేచాయి. ముందు వరసలో మేడమ్ చేతులు కట్టుకుని కూర్చుంది.

మొదట్లో బాగాలేదు. నాకు సంగీతం రాదు గానీ, తొమ్మిది రోజులు విన్నదాన్ని, తెలియదా? ఆ జబ్బు స్వరం తగలకుండా తప్పించుకుంటున్నాడు. గుంతల రోడ్డు మీద మా ఆయన డీసీఎం తోలినట్టుంది, అక్కడ ఆగి, ఇక్కడ పక్కకు పోయి. వెనక ఎవరో లేచి ఫోన్ చూసుకుంటూ బయటికి వెళ్ళారు. జ్ఞానేశ్వర్ మెడ వెనక చెమట కారుతోంది. వేళ్ళు ఆగాయి. అయిపోయింది, లేస్తాడు అనుకున్నాను.

లేవలేదు. పియానో చెక్క మీది బొట్టు వైపు ఒక్కసారి చూసి, ఎడమ చెయ్యి చాచి సరిగ్గా ఆ స్వరం మీదే పెట్టాడు.

జుర్రుమంది. అందరూ తలెత్తారు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ, ఇంకా మెల్లగా. అది తప్పు కాదు, అదే మొదలు అన్నట్టు దాన్ని మోగిస్తూనే ఉన్నాడు. దాని మీదికి కుడిచెయ్యి వచ్చింది, ఎంతో పైనుంచి, సన్నగా, ఒక్కొక్కటిగా. అదేమి వాయించాడో నాకు తెలియదు. మేడమ్ వాయించాల్సింది మాత్రం కాదు, తొమ్మిది రోజుల్లో నేను విన్నదేదీ కాదు. కిందనేమో ఆ జుర్రు, పైనేమో చెప్పడానికి నాకు మాటలు చాలని అందం. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని పెరిగాయి. రేకులు వణికాయి, నేల వణికింది, పూల కుప్ప మీది నుంచి బంతులు ఒకటీ అరా జారిపడ్డాయి. ఒళ్ళంతా జలదరించింది నాకు. ఈ షెడ్డు మాదేనా, ఈ మనిషి నేను అన్నం వడ్డించే మనిషేనా అనిపించింది. సక్కుబాయి నోరు తెరిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయింది.

అత్తమ్మ వైపు చూశాను. ఆమె జ్ఞానేశ్వర్‌ను చూడటం లేదు. తల కొంచెం వంచి వింటోంది. ఒళ్ళో ఆమె చేతులు మెల్లగా కదులుతున్నాయి, అటూ ఇటూ, చాటలో బియ్యం చెరిగినట్టు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బియ్యం చెరిగిన మనిషి. గింజ చప్పుడు ఆమెకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఆమె చేతులు ఆగిపోయాయి. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

ఆఖరున ఆ ఒక్క స్వరమే మిగిలింది. అది మోగి మోగి, జుర్రుమంటూ సన్నబడి, ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియలేదు. ముందుగా మేడమ్ లేచింది, తర్వాత షెడ్డంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడుకు మా ఇంటి కుక్క బెదిరి రోడ్డు మీదికి ఉరికింది. మేడమ్ దగ్గరికి వెళ్ళి జ్ఞానేశ్వర్ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది.

అందరూ వెళ్ళేదాకా అత్తమ్మ కూర్చున్న చోటి నుంచి కదల్లేదు. కార్లన్నీ మొయినాబాద్ వైపు తిరిగాక, లేచి పియానో దగ్గరికి వచ్చింది. తెరిచిన మూతలోకి వంగి, చీకటిగా ఉన్న ఆ తీగల కిందికి చూసింది.

"ఆ లొల్లి జేసిన గింజ నాదే గద బిడ్డా?"

జ్ఞానేశ్వర్ కుర్చీలు మడతపెడుతున్నవాడల్లా ఆగాడు. అబద్ధం చెబుతాడేమో అనుకున్నాను. చెప్పలేదు. "నీదే అవ్వా. దొరకలే. ఉండనియ్."

"నాకెందుకు జెప్పలే?"

"ఏమని జెప్పాలె? బొట్టు పెట్టినవ్ గద" అన్నాడు.

అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత ఆనించిన కర్ర తీసి, రెండు చేతులతో ఆ బరువైన మూతను మెల్లగా, చప్పుడు కాకుండా దించింది. దాని మీద అరచెయ్యి పెట్టి, అక్కడ మిగిలిన పూలు మూట కడుతున్న నాతో అన్నట్టుగా అంది.

"వచ్చే దసరకు గిట్ల మూతేసినంకనే అచ్చింతలేద్దాం పిల్లా. నాకు యాది జెయ్యి."

జ్ఞానేశ్వర్ చేతిలోని కుర్చీ అట్లాగే ఉండిపోయింది. "వచ్చే దసరకా అవ్వా?"

"మరి? పని జేసే సామానుకు ఒక్క ఏడు బొట్టు పెట్టి ఊకుంటరా?" అని కసిరి, అత్తమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.